ఆకుపచ్చగా వెలిగిన నా రక్తం

నా రక్తాన్ని చూడడానికి కాలేజీ అంతా ఎగబడిందని హనుమకొండలో టీకొట్టు దగ్గర చెప్పాను. అంతా కాదు, ఇద్దరొచ్చారు. అందులో ఒకాయన ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు.

మా చిన్నబిడ్డ ఆ కాలేజీలోనే కణాల మీద పరిశోధన చేస్తోంది. పొగతాగని ముసలివాళ్ల రక్తం కావాలంటే, నేనే ముందుకెళ్లి చొక్కా చెయ్యి మడిచాను. రక్తంలోని తెల్లకణాలకు ఆమె ఒక రంగుమందు పట్టిస్తుంది. మామూలుగా అది వెలగదు. కణం లోపల పుట్టి కణాన్నే కొరికే దుడుకు ఆక్సిజన్ తగిలితే మాత్రం మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరుస్తుంది. పొగతాగేవాళ్లలో ఆ ఆక్సిజన్ ఎక్కువట. తక్కిన ముసలివాళ్లవి మిణుకుమన్నాయి. నావి పెళ్లిపందిరిలా వెలిగిపోయాయి.

బిడ్డ మొహం వాడిపోయింది.

"వెలుతురు తాకినా ఈ మందు వెలుగుతది బాపూ. నేనే ఎక్కడో సరిగ్గ మూసిపెట్టలే. గిట్లయితే మొదటిసంది చేసినయి గూడ నమ్మేటట్టు లేదు. అందరియి మల్లా చెయ్యమంటడు మా గైడ్ సారు."

గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి నేను సిగరెట్టు ముట్టలేదని ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకానికి నేనూ బాగానే ప్రచారం చేశాను.

కూర్చోలేకపోయాను. వరండాలో అటూ ఇటూ తిరిగాను. దాహం లేకపోయినా నీళ్లు తాగాను. నోటీసుబోర్డు చదివాను, ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. ఒకటి వెలిగిస్తే నిమ్మళమవుతుందని చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. తటాలున తీసేసి లోపలికి నడిచాను.

"నీ చెయ్యి మంచిగనే ఉన్నది బిడ్డా. పొద్దున నేనే తాగిన."

"ఏంది, చాయా?"

"సిగరెట్."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

ఆమె మైక్రోస్కోపు వైపు చూసింది.

"మూడు," అన్నాను.

తిట్టబోయి, ముందు ఫోన్ తీసింది. "సార్, పనిల తప్పేం లేదు. రక్తమిచ్చిన మనిషే అబద్ధమాడిండు."

ఎవరని అడిగినట్టున్నాడు అవతల ఆయన.

"మా బాపే సార్," అంటుంటే ఆమె గొంతు వణికింది. పని దక్కిన సంతోషం అందులో లేదు. ఈ సంగతి ఇంట్లో చెబుతుందేమోనని అంతవరకూ నాకున్న భయం, ఆ వణుకు ముందు చిన్నదైపోయింది.