సగం జొన్నరొట్టె

అరవైల నాటి మాట. నల్గొండలో బస్సెక్కి ఒకామె నా పక్కన కూర్చుంది. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. మెడ చుట్టూ, భుజాల మీద మాత్రం దిండు కట్టినట్టు కొవ్వు పేరుకుపోయి ఉంది. నా చూపు కనిపెట్టి తనే చెప్పింది.

"తిండితోని వచ్చింది కాదంట చెల్లె. గిట్ల కొవ్వు పెరిగే రోగం ఏడనో ఒకరికి వస్తదని దవాఖానల డాక్టరు చెప్పిండు. మా అత్తేమో ఉట్టి మీది వెన్న దొంగతనంగ తింటున్ననని ఎల్లగొట్టింది. పెనిమిటి గూడ నోరిప్పలే."

మూటలోంచి జొన్నరొట్టె తీసి సగం తిన్నది. మిగతా సగం మళ్లీ మూటలో కట్టింది.

"గిది మా తమ్మునికి. తల్లి లేనోడు, నేనే సాకిన. వాడు గా మాటలు నమ్మడు."

కట్టంగూర్‌లో ఆమె దిగగానే తమ్ముడు ఎదురొచ్చి మూట అందుకోవడం కిటికీలోంచి చూశాను. మోయడానికే అనుకున్నాను. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని ముడి విప్పాడు. చీరలు దులిపాడు. సగం రొట్టె బయటికి తీశాడు.

"మీ అత్త చెప్పింది నిజమే గదక్కా. దాసుకోని తింటున్నవ్."

అది నీకేరా అని ఆమె అనలేదు. బస్సు కదిలింది. ఇన్నేళ్లుగా ఆ మాట నేనే అంటున్నాను.