ఎక్కంలా వల్లించిన కమాంచీ

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే. అయినా సముద్రం దాటొచ్చి, ఇక్కడ జురాంగ్‌లోని ఒక షెడ్డులో ఇరవై తొమ్మిదేళ్లుగా మెకానిక్‌ని. ఇంగ్లీషు పుస్తకాలు చదవలేక, ప్రతి బండి వివరాలూ ఎవరిచేతనైనా చదివించుకుని ఎక్కాల్లా బట్టీ పట్టాను.

మొన్న టాన్ గారు తన తండ్రి దాచుకున్న పాత అమెరికా పికప్, జీప్ కమాంచీని లారీ మీద తెచ్చారు. ముందు చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు కాలిపర్ దొరక్కపోతే, సాయంత్రం వచ్చే తుక్కు లారీ ఎక్కించేస్తారట.

"ఆ మోడల్ ఆపేసి ముప్పై ఏళ్లు దాటింది, పార్ట్ రాదు లా!" అన్నాడు మా సూపర్‌వైజర్ రాహుల్, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి.

నేను అందుకున్నాను. "ఎనభై ఆరు నుంచి తొంభై రెండు. నాలుగు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు..."

"అంకుల్, బ్రేకు సంగతి చెప్పండి!" అని అడ్డొచ్చాడు రాహుల్.

"మధ్యలో ఆపావుగా, మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. ఎనభై ఆరు నుంచి తొంభై రెండు. నాలుగు లీటర్లు, ఆరు సిలిండర్లు. వెనక తొట్టి వేరు, ముందు సగం చెరోకీ జీపుదే."

రాహుల్ వెంటనే ఫోను అందుకున్నాడు. చెరోకీలు ఇక్కడ బోలెడు తిరిగాయి, వాటి పార్టులు ఇంకా దొరుకుతాయి. గంటలో కాలిపర్ దొరికింది, నా చేతుల మీదుగా అతికినట్టు కూర్చుంది.

తుక్కు లారీని వెనక్కి పంపేసి, టాన్ గారు కమాంచీలో తండ్రి కూర్చునే డ్రైవరు సీట్లో చాలాసేపు కూర్చున్నారు. మేమెవరమూ దిగమనలేదు.