జమీర్ పూసిన కళాయి

మా గోడకు ఆవలి ఇల్లు జమీర్‌ది. తాతల కాలం నుంచి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే కుటుంబం. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము పట్టి కడుపులో తిప్పుతుంది. అందుకని ప్రాణహిత ఒడ్డున మా సిరొంచలో ఏ ఇంట్లో పెళ్ళి అనుకున్నా, పత్రికలకంటే ముందు జమీర్ వాకిట్లో గిన్నెలు దిగేవి. గుంటలో నిప్పు రాజేసి, తిత్తి ఊది, గిన్నె ఎర్రబడగానే తగరం అతకడానికి నౌసాదర్ అనే ఉప్పు పొడి చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పున లేచి గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ పొగకు దగ్గుతుంటే గోడ అవతలి నుంచి నవ్వేవాడు.

"జర ఓర్సుకో బిడ్డా. గీ పొగ లేకుంటే మీ ఇంట్ల పులుసే లేదు."

మనిషికి పెట్టడంలో పిసినారి కాదు జమీర్. వస్తువును పారేయడంలో మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. వంగిన మేకు కనిపిస్తే తిన్నగా కొట్టి జేబులో వేసుకుంటాడు. ఆయన భార్య గౌహర్ బీ వేళాకోళంగా, "నేను ముసల్దాన్నయినా పారెయ్యడు, అదొక్కటే ధైర్యం నాకు," అనేది.

తర్వాత ఇంటింటికీ స్టీలు గిన్నెలొచ్చాయి. కళాయి పని సగం పడిపోయింది. జమీర్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సైకిల్ ఎక్కి బామ్ని నుంచి పాతగూడెం దాకా ఊరూరా తిరిగి పాత రేడియోలు, టేప్‌రికార్డర్లు కొనడం మొదలుపెట్టాడు. కలర్ టీవీలు వస్తున్న కాలం కాబట్టి బ్లాక్ అండ్ వైట్ టీవీలు చవగ్గా దొరికేవి. సెల్‌ఫోన్లొచ్చి ఎస్టీడీ బూత్‌లు మూతపడితే వాటి మీటర్లు, ఫోన్లు కూడా ఆయన వాకిట్లోకే చేరాయి. రాగి తీగలు, అయస్కాంతాలు విడదీసి పెడితే తుక్కు కొనే చంద్రాపూర్ సేఠ్ లారీ వచ్చి ఎత్తుకుపోయేది.

సైకిల్ మీద వైర్లు, బ్యాటరీలు వేసుకుని అడవి ఊళ్ళలో తిరిగే మనిషిని మా దగ్గర ఇద్దరూ ఆపుతారు, పోలీసు క్యాంపు వాళ్ళూ, అడవి లోపలి అన్నలూ. ఏదో ఒకరోజు ఈయనకు ఆ దారిలోనే కీడు మూడుతుందని వాడంతా అనుకునేది. మేమంతా అటే చూస్తూ కూర్చున్నాం. కీడు మా వంటింట్లోకే వచ్చింది.

టీవీ బోర్డులో పార్టులన్నీ టంకంతో అతికి ఉంటాయి. టంకమంటే సీసం, తగరం కలిపి కరిగించిన లోహం. బోర్డును నిప్పుమీద బోర్లించి, వేడెక్కాక రాయికేసి కొడితే అది బొట్లుబొట్లుగా రాలుతుంది. సేఠ్‌కు అది అక్కర్లేదు. జమీర్‌కు పారేయ బుద్ధి కాలేదు. కళాయికి కావలసింది ఒట్టి తగరం, దాని ధర ఆ ఏళ్ళలో కొండెక్కి కూర్చుంది. ఒకరోజు ఆ బొట్లనే కరిగించి గిన్నెకు పూసి చూశాడు. ఎప్పటికంటే నున్నగా, తెల్లగా పట్టింది.

అందులో సీసం ఉందని ఆయనకు తెలియక కాదు. నౌసాదర్ పొగ లోహంలోని మైలనంతా లాక్కుపోతుందని వాళ్ళ నాన్న చెప్పాడు, ఈయన నమ్మాడు. పొగతోపాటు సీసం కూడా లేచిపోతుందనుకున్నాడు. మైల వేరు, సీసం వేరు. ఆ తేడా చెప్పేవాళ్ళు మా వాడలో లేరు.

జమీర్ కళాయికి మళ్ళీ పేరొచ్చింది. ముందుగా తేడా కనిపెట్టింది మా అత్త యాదక్క. ఆమె చేపల పులుసు రాత్రి కాచి ఇత్తడి గంజులోనే ఉంచి, పొద్దున తింటుంది. ఒకనాడు నాలుక చప్పరించి, "అరుణా, ఇండ్ల బెల్లమేసినవా?" అంది. వేయలేదు. పులుసు తియ్యగా ఉంది. చింతపండు పులుపు చివర సన్నటి తీపి. ఆ మాట గోడ దాటింది. జమీర్ చెయ్యి పడ్డ గిన్నెకు బెల్లం అక్కర్లేదని వాడంతా చెప్పుకున్నారు. మూలన పడేసిన ఇత్తడి గిన్నెలన్నీ బయటికొచ్చాయి. అడవి ఊళ్ళ వాళ్ళు కూడా పెళ్ళి గిన్నెలు మోసుకొచ్చారు. ఆ తీపి ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కరం అడగలేదు. రుచిగా ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?

గౌహర్ బీకి కడుపునొప్పి మొదలైంది. మెలిపెట్టి వచ్చి, కాసేపటికి పోయేది. మా అత్తకూ అంతే. ఒకరు వాము తిన్నారు, ఒకరు తాయెత్తు కట్టించుకున్నారు. ఆ ఏడు అహేరి నుంచి జమీర్ కూతురు హుమేరా మొదటిసారి కడుపుతో పుట్టింటికి వచ్చింది. తల్లి చేతి పులుసులు తిని ఎండాకాలమంతా ఉంది. తిరిగి పోయిన కొద్దిరోజులకే కడుపు పోయింది. అక్కడ ఆమె అత్తగారు, "కడుపు నిలవని పిల్లను కట్టబెట్టిండ్రు," అని నలుగురిలో అన్నదట. భర్త అమన్ మంచివాడే గానీ తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. మళ్ళీ హుమేరా నెల తప్పిందని తెలిసిన రోజు జమీర్ మా ఇంటికొచ్చి మిఠాయి పంచాడు. "గీసారన్న నిలవాలె యాదక్కా. లేకుంటే నా బిడ్డ బతుకు ఆగం," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

హుమేరా కానుపుకు రావలసిన నెలలో రాయమల్లు వచ్చాడు. ప్రాణహితలో విసురు వల వేసి బతికే మనిషి. వల అంచుకు కట్టే గుండ్లకు సీసం కావాలని అడిగాడు. నేను గోడ పక్కన మిరపకాయలు ఎండబెడుతున్నాను. జమీర్ టీ గ్లాసు అందించబోయాడు. మణికట్టు దగ్గర చెయ్యి వాలిపోయి గ్లాసు కిందపడింది. కొన్నాళ్ళుగా ఆయన చెయ్యి అలాగే ఉంది. తిత్తి ఊది ఊది గుంజుకుపోయిందని చెప్పేవాడు.

రాయమల్లు టీ సంగతి మరిచి ఆ చెయ్యినే చూశాడు.

"జమీర్ భాయ్, నువ్వు సీసం నోట్లె పెడుతున్నవా?"

"నేనెందుకు పెడత?"

"మా నాయన వల గుండ్లను పండ్లతోని కొరికి బిగించేటోడు. ముసలోడు కాకముందే చెయ్యి గిట్లనే ఏలాడింది. కడుపుల నొప్పి, చిగుర్ల కాడ నల్లగీత. సీసం తిని తిని గట్లయిందని వరంగల్‌ల డాక్టరు చెప్పిండు. అప్పటిసంది మా ఇంట్ల ఎవ్వలం కొరకం."

జమీర్ నవ్వాడు. "నేనేమన్న సీసం తింటున్ననా..." అంటూ ఆగిపోయాడు. గౌహర్ బీ వంటింటి అరుగు మీద తోమి బోర్లించిన గిన్నెల వరుస వైపు చూశాడు. రాయమల్లుకు ఏమిచ్చాడో, ఏం చెప్పి పంపాడో నేను చూడలేదు.

మర్నాడు వాళ్ళింట్లో ఇత్తడి గిన్నె ఒక్కటీ లేదు. అన్నీ స్టీలువే. కడుపుతో ఉన్న పిల్ల బరువు గిన్నెలెత్తకూడదని మార్చానన్నాడు. కళాయి ఇక పూయనన్నాడు, చెయ్యి సాగడం లేదన్నాడు. పాపం పెద్దవాడయ్యాడని మేం జాలిపడ్డాం. మా గంజు మా పొయ్యి మీదే ఉంది. వాడలో అందరి గంజులూ అందరి పొయ్యిల మీదే ఉన్నాయి.

హుమేరా వచ్చింది. జమీర్ రోజూ గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఏం తిన్నవ్ బిడ్డా? దేంట్ల తిన్నవ్?" అని అడిగేవాడు. దేంట్లో అని అడగడమేమిటని ఆ పిల్ల నవ్వేది.

కడుపుతో ఉన్న ఆడపిల్ల పుట్టింటికొస్తే మా వాడలో కులం, మతం అడగరు. ఇంటికో గిన్నె వస్తుంది. హుమేరాకు చేపల పులుసు మీద ప్రాణం. వేడి చేస్తుందని గౌహర్ బీ ఇంట్లో వండేది కాదు. జమీర్ బయల్దేరి సైకిల్ సందు మలుపు తిరగగానే పిల్ల గోడ దగ్గరికొచ్చేది.

"పెద్దమ్మా, రాత్రి పులుసున్నదా?"

"నీకోసమే ఉంచిన. మీ అమ్మకు చెప్పకు," అని మా అత్త గంజునే గోడ మీదుగా అందించేది. తన కూతురికి పెట్టినంత సంబరం ఆమెకు. హుమేరా జొన్నరొట్టెతో గంజు అడుగు దాకా తుడిచి తినేది. కాళ్ళు పీకుతున్నాయనీ, నోట్లో ఇనుము రుచి వస్తోందనీ అనేది. కడుపుతో ఉన్నప్పుడు అందరికీ అంతేలెమ్మని మా అత్త కొట్టిపడేసేది.

ఒకరోజు సైకిల్ టైరు పేలి జమీర్ దారి మధ్యలోంచే వెనక్కి వచ్చాడు. వాకిట్లో కూతురు, ఒళ్ళో మా గంజు. గోడ ఇవతల మా అత్త, నేను. ఆయన సైకిల్ అక్కడే వదిలేశాడు. అది పక్కకు పడింది. బాగున్న చేత్తో గంజు లాగి రాళ్ళమీద విసిరికొట్టాడు. పులుసు పిల్ల చీర నిండా చిందింది.

మా అత్త మండిపడింది. "నీకేం పుట్టింది జమీర్? కడుపుతోనున్న పిల్ల నోటికాడి బుక్క గుంజుతవా?"

"అది విషం యాదక్కా."

"నా చేతి కూడు విషమా?"

"నీ చేతిది కాదు. నా చేతిది."

అంతా చెప్పేశాడు. టీవీ బోర్డులు, టంకం, రాయమల్లు నాన్న చెయ్యి, దేన్నీ దాచలేదు. ఏడుస్తూ చెప్పాడు. మా అత్త మాత్రం ఏడవలేదు. నిదానంగా అడిగింది.

"నీకెప్పుడు ఎరుకైంది?"

"రాయమల్లు వచ్చిననాడు."

"నీ ఇంట్ల గిన్నెలు మార్చిననాడే. మరి మావి ఎప్పుడు మారుద్దామనుకున్నవ్?"

"కానుపు కాంగనే చెప్దామనుకున్న. చెప్తే అహేరి దాక పోతది. బిడ్డను ఆళ్ళు ఏమంటరోనని..."

నాకు ఆయన మీద అప్పుడు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. తెలియక చేసిన తప్పు ఎవరైనా క్షమిస్తారు. తెలిశాక కూడా గోడ అవతలి నుంచి మా పొయ్యి పొగ చూస్తూ ఊరుకున్నాడు. తన బిడ్డను కాపాడుకున్నాననుకున్నాడు. ఊరి గిన్నెలో ఉన్నది తన బిడ్డ కంచంలోకి రాదని ఎలా అనుకున్నాడో!

హుమేరా చీర దులుపుకోలేదు. తండ్రి ముఖంలోకి చూసి అడిగింది.

"మొదటిది గూడ గిందుకేనా అబ్బా?"

"అవు బిడ్డా," అన్నాడు జమీర్.

ఆ సాయంత్రమే కబురందుకుని అమన్ జీపు తెచ్చి భార్యను తీసుకుపోయాడు. హుమేరా మా అత్తను పట్టుకుని ఏడ్చింది, తల్లిని పట్టుకుని ఏడ్చింది. తండ్రి వైపు తిరగలేదు. నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. బతికింది. జమీర్ చూడ్డానికి బయల్దేరబోతుంటే అమన్‌తో హుమేరా కబురు పంపింది. "నువ్వు పూసిన ఆఖరి గిన్నె గీకినంక రమ్మన్నది మామా," అని చెప్పి, అమన్ చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

జమీర్ మా వాడతోనే మొదలుపెట్టాడు. కొందరు గిన్నెలు ఆయన ముఖాన విసిరారు, కొందరు బూతులు తిట్టి ఇచ్చారు. ఇంకొందరు, ఇత్తడి కాజేయడానికి ఇదో ఎత్తుగడ అని ఇవ్వనే లేదు. వచ్చిన గిన్నెను వచ్చినట్టు ఒక్క చేత్తో ఉలి పట్టి గీకాడు. వాడ అయ్యాక అడవి ఊళ్ళు పట్టాడు. అక్కడ గిన్నె ఒక ఇంట నిలవదు, పెళ్ళికూతురితో ఊరు మారుతుంది. పాతగూడెం దగ్గర భీము అనే ఆయన, తన చెల్లెలి గంజు ఇంద్రావతి దాటిపోయిందని చెప్పాడట. జమీర్ నాటుపడవ ఎక్కి అక్కడికీ పోయాడు. ఆ ఇంటామె ఈయన మాట నమ్మలేదు. ఏళ్ళయినా కళాయి చెక్కు చెదరలేదని మెచ్చుకుని, అందులోనే అన్నం వడ్డించబోయిందట. ఆ ఊళ్ళో అలాంటివి ఇంకా ఉన్నాయని ఆమె సంతోషంగా చెప్పిందట.

మా అత్త ఆయనతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది. కానీ అహేరి నుంచి కబురొస్తే మనసు ఆగదు. ఒక సాయంత్రం ఆయన సైకిల్ దిగుతుంటే గోడ దగ్గరికి పోయి నిలబడింది.

"నీ మనుమరాలు నడుస్తున్నదంట," అంది.

జమీర్ సైకిల్ తోసుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. "మాటలొచ్చినయా అక్కా?"

"ఇంకా రాలే."

"పిలిస్తే తిరిగి చూస్తదా?"

"చూడదంట," అంది మా అత్త. జమీర్ సైకిల్‌ను మళ్ళీ వీధి వైపు, ఇంకా గీకని గిన్నెలున్న ఊళ్ళ వైపు తిప్పాడు.