భూదవ్వ దారం

సిరిసిల్లల బట్ట నేసే సాంచాల కార్ఖానల దారం కండెలు చుట్టే భూదవ్వ, నొప్పని వచ్చినోళ్లకు మూరెడు దారం తెంపి, పసుపు రాసి, కండ్లు మూసుకొని పెదవులు కదిలిస్తూ కడుతది. కట్టించుకున్నోళ్ల నొప్పి పొద్దుగూకేసరికి దూది లెక్క తేలిపోతదంటరు. కని అంతకుముందు దారం కట్టిన అత్త, మంత్రం చెప్పకుండనే సచ్చిపోయింది. భూదవ్వ లోపల లెక్కబెట్టేది సాంచ దెబ్బలే. ఇప్పుడు తన భుజమే పట్టుకొని పది రోజులాయె. తన దారం తనకెట్ల పనిచేస్తది, గుట్టు ఎరుకేనాయె! పక్కన కండెలు చుట్టే వనజ ముంగట చెయ్యి చాపింది.

"నువ్వు కట్టు బిడ్డా."

"నాకు మంత్రం రాదు గదవ్వా!"

"నీ మనసుకు తోచింది అనుకో."

వనజ కండ్లు మూసుకొని, పెదవులు కదిలిస్తూ ముడేసింది. సాంచాల చప్పుడు దూరం జరిగినట్టాయె. భుజంల వెచ్చగ ఏదో పారింది. ఏం సదివినవని భూదవ్వ అడుగలే. అడిగితే నొప్పి మల్ల వస్తదని భయం.