నూకాలమ్మకి వేరే సముద్రం

2014లో నన్ను విశాఖపట్నం కార్యాలయం నుంచి శ్రీకాకుళం బ్రాంచికి మేనేజరుగా వేశారు. కాగితం మీద అది ప్రమోషను. నా తరవాత చేరి, నా పక్క బల్ల దగ్గర కూర్చుని టికెట్ తీయడం నేర్చుకున్న మనిషి అదే నెలలో రీజనల్ మేనేజరయ్యాడు. కాబట్టి ఆ ప్రమోషను అసలు స్వరూపం ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే సంతోషిస్తాడు.

మాది విదేశీ విహారయాత్రలు ఏర్పాటు చేసే కంపెనీ. బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. విదేశాల్లోని హోటళ్ళవాళ్ళు తమ గదులు అమ్మిపెట్టే మాబోటి ఉద్యోగుల్ని ఏటా తమ ఖర్చుతో తీసుకెళ్ళి అన్నీ చూపిస్తారు. దీన్ని మేం ఫ్యామ్ ట్రిప్ అంటాం. పోయే వాళ్ళ జాబితాలో నా పేరు ప్రతి ఏడూ ఉండేది. టికెట్లు తీసేవేళకి మాయమయ్యేది. ఒక ఏడు నా బదులు వెళ్ళినతను తిరిగొచ్చి నాకు ఒక గవ్వ తెచ్చిచ్చాడు. దాన్ని ఇంకా దాచాను, అభిమానంతో కాదు.

ఆ విధంగా నేను ఎన్నడూ చూడని సముద్రాల్ని అమ్ముతూ బతికాను. మాది గజపతినగరం, వరి పండించే కుటుంబం. కాపురం విజయనగరంలో. రోజూ ప్యాసింజరు బండిలో ఆమదాలవలస దిగి అక్కణ్ణుంచి శ్రీకాకుళం ఊళ్ళోకి పోయేవాణ్ణి. కిటికీ పక్కన చోటు దొరికితే ఒళ్ళో బ్రోచర్లు పరుచుకునేవాణ్ణి. బయట నీళ్ళు నిలిచిన మడులు, లోపల నీలం రంగు కాగితాలు. కాసేపటికి ఏది ఏదో తెలిసేది కాదు. బండి నీళ్ళ మీద పోతున్నట్టు, నేను ఏదో దీవిలో దిగబోతున్నట్టు ఉండేది. అయితే చదవడం మాత్రం కలలు కంటూ చదవలేదు. ఏ తీరంలో ఏ నెలలో గాలి ఎటు వీస్తుంది, ఎక్కడ మెత్తని ఇసక, ఎక్కడ రాయి, బ్రోచరులో సీ వ్యూ అని రాస్తే నిజంగా సముద్రం కనిపిస్తుందా, లేక బాల్కనీలో మెడ చాచి చూడాలా, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అక్కడి ఏజెంట్లకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి తెలుసుకున్నవి. వాళ్ళని మేం ల్యాండ్ ఏజెంట్లు అంటాం.

2016 వేసవి ముందు భావనపాడు నుంచి దంపతులిద్దరు మా ఆఫీసుకి వచ్చారు. ఆయన చిన్నారావు, ఐసు పెట్టెల వ్యాపారం. ఆమె నూకాలమ్మ. పడవలు ఒడ్డుకి రాగానే ఇసక మీద చేపల వేలం జరుగుతుంది. దాన్ని వాళ్ళు పాట అంటారు. ఆ పాట నడిపేది ఆవిడే. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. బల్లకి చేతులానించి నిలబడే అడిగింది.

"బాబూ, సముద్రం ఒడ్డుని కూకోవాలి. పై దేశంలో. ఎక్కడ బాగుంటాదో సెప్పు."

చిన్నారావు తల కొట్టుకున్నాడు. "సూసినారా బాబూ? గుమ్మంలో సముద్రవెట్టుకుని, ఇమానవెక్కి సముద్రం సూడ్డానికి ఎల్తాదట. ఊరోళ్ళు వింటే నవ్వి సస్తారు."

"నువ్వు రాకు మావా. నీ ఐసు పెట్టి మీద కూకో, సల్లగుంటాది."

నా సర్వీసులో ఇలాంటి కోరిక వినలేదు. ఎందుకమ్మా అని అడిగాను. ఆవిడ చెప్పింది ఇది. ఆ ఇసకలో తాను చిన్నప్పట్నుంచీ నిలబడే ఉంది. ఎప్పుడైనా నడుం వాల్చి కూర్చుంటే చాలు, దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగి అడుగుతారు. "ఏటైనాది నూకాలూ? ఒంట్లో బాగోనేదా? మొగుడితో గొడవా?" ఆ జవాబులు చెప్పేకంటే లేచి నిలబడడమే సుళువు. "ఊరికే కూకున్నానంటే ఎవులూ నమ్మరు బాబూ. సచ్చేలోపల ఒక్కపాలి ఇసకలో ఊరికే కూకుంతాను. నన్నెరగని సముద్రం కావాలి."

రెండో షరతు కూడా పెట్టింది. కొత్త నీటిలో కాలుపెట్టేముందు గంగమ్మకి పసుపు, కుంకం, గాజులు, పువ్వులు పెట్టాలి. అది పెట్టనివ్వని చోటికి తాను రాదు.

రిసార్టు ఎంపికలో మొదట చూడవలసింది నెల. వాళ్ళకి తీరికున్నది వేట నిషేధంలోనే, అంటే మర బోట్లు సముద్రంలోకి పోకూడదని ప్రభుత్వం ఆపే వేసవి రోజుల్లో. పాట ఉండదు కనక ఆవిడ కదలగలదు. మేలో థాయ్‌లాండ్ పడమటి తీరాన గాలి మారిపోతుంది. ఎర్రజెండాలు పాతి నీళ్ళలోకి దిగనివ్వరు. ఆ నెలలో ప్రశాంతంగా ఉండేది శ్రీలంక తూర్పు తీరం. అక్కడ పాసికుడా అనే చోట నీరు చాలా దూరం మోకాలి లోతే ఉంటుంది. కోవెళ్ళున్న ప్రాంతం, పసుపు కుంకాలకి ఎవరూ వింతపడరు. వృత్తిరీత్యా అంతకంటే సరైన ఎంపిక లేదు. గోడ మీది పటంలో వేలు పెట్టి చూపించాను.

నూకాలమ్మ పటానికి దగ్గరగా వచ్చింది. ఆ రంగుల్ని చూస్తూ చాలాసేపు ఉంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఆమె వేలు పాసికుడా దగ్గర మొదలై, నీలం మీదుగా మెల్లగా పైకి పైకి వచ్చి మా శ్రీకాకుళం దగ్గర ఆగింది.

"ఇది మన నీరే కదేటి?"

అవును, బంగాళాఖాతమే అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చేతనైనవాళ్ళే పైకెళ్ళారు.

"అయితే ఒద్దు. ఈ సముద్రానికి నాను తెలుసు. అక్కడ కూకున్నా ఇక్కడ తెలిసిపోతాది."

చిన్నారావు నవ్వబోయి, ఎందుకో మానేశాడు. నేనూ నవ్వలేదు. రెండు మూడు రోజులు బండిలో ఆ మాటే నాతో ప్రయాణం చేసింది. మనల్ని ఎరిగిన సముద్రం, ఎరగని సముద్రం. మడుల్లో నీళ్ళని చూసినా నన్ను గుర్తుపడుతున్నట్టే అనిపించేది.

వారం తరవాత ఆవిడ వచ్చేసరికి నేను బాలి దీవిలో సనూర్ అనే తీరం సిద్ధం చేసి ఉంచాను. అక్కడ ఒడ్డుకి దూరంగా నీళ్ళలో పగడపు దిబ్బ ఉంది. అలలు అక్కడే విరిగిపోతాయి. ఇవతల నీరు చెరువులా ఉంటుంది. మేలో వానలుండవు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడివాళ్ళే పొద్దున్నే ఆకు దొప్పల్లో పువ్వులు పెట్టి ఇసక మీద ఉంచుతారని ల్యాండ్ ఏజెంటు రాశాడు. ఆమె మళ్ళీ పటం మీద వేలు నడిపింది. మధ్యలో సుమత్రా, జావా అడ్డం వచ్చాయి.

"ఇక్కణ్ణుంచి అటెల్లడానికి సందున్నాదా?"

"ఉందమ్మా. కానీ మధ్యన ఇంత నేల ఉంది. మన నీరు అంత శ్రమపడదు."

"పొద్దు ఏపు పొడుస్తాది?"

"సముద్రంలోంచే."

"అదొక్కటి మనలాగే ఉండనీ. నేకపోతే దిక్కు తెలీదు."

ఇక అనుమతి. కంపెనీ వేసవికి ముందే ఏదో ఒక చోట గదులు మొత్తంగా పట్టి ఉంచుతుంది. దాన్ని బ్లాకు అంటాం. ఆ ఏడు థాయ్‌లాండ్ పడమటి తీరంలోని ఫుకెట్‌లో పట్టారు. బ్లాకులో గదులు మిగిలితే రీజనల్ మేనేజరు జవాబు చెప్పుకోవాలి. అందుకని మేలో సముద్రం అడిగిన ప్రతివాళ్ళనీ అక్కడికే పంపాలని ఆజ్ఞ. వేరే చోట విడిగా ఏర్పాటు చేయాలంటే ఆయన సంతకం కావాలి. నేను విశాఖలో నెలవారీ సమావేశంలో కాగితం పెట్టాను.

ఆయన చదివి, బ్రాంచి మేనేజర్లందరి ముందూ అన్నాడు: "భావనపాడు వాళ్ళా? ఇంటి ముందే సముద్రం ఉన్నవాళ్ళకి సీ వ్యూ ఎందుకండీ? ఫుకెట్‌లో గార్డెన్ వ్యూ ఇవ్వండి, కాస్త మార్పుగా ఉంటుంది." అందరూ నవ్వారు. తరవాత నావైపు తిరిగి, "మన గజపతినగరం రైతుగారు బీచ్‌లు బాగా స్టడీ చేస్తున్నారు" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నవ్వనివాడు పార్వతీపురం మేనేజరు ఒక్కడే. అతను నిద్రపోతున్నాడు.

నేను కోప్పడలేదు. తిరస్కరణని రాతపూర్వకంగా ఇమ్మన్నాను. ప్రయాణికుల భద్రతకి సంబంధించిన సూచనని కాదంటే కారణం రాసి సంతకం పెట్టాలని మా నిబంధన. మేలో అక్కడ ఎర్రజెండాలుంటాయని నేను కాగితంలో రాశాను. కనక దాని కిందనే, తెలిసి పంపుతున్నానని ఆయన రాయాలి. కలం చేతికిచ్చి పక్కనే నిలబడ్డాను. టీ వచ్చింది, చల్లారింది. నిలబడే ఉన్నాను. చివరికి ఆయన బాలికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. కాగితం నా వైపు విసిరాడు. అది కింద పడితే నేనే తీసుకున్నాను. అదీ గుర్తుంది.

మేలో దంపతులు విశాఖ నుంచి కౌలాలంపూర్‌లో విమానం మారి బాలి చేరారు. మర్నాడు మధ్యాహ్నం చిన్నారావు ఫోను చేశాడు.

"బాబూ, ఇది గదిలోంచి రానంటంది. ఎనక్కి పోదారంటంది."

గంగమ్మకి పెట్టవలసింది పెట్టారట. అక్కడివాళ్ళ పువ్వుల పక్కనే ఆమె పువ్వులూ ఉంచిందట. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత ఇసకలో కూర్చుందట. కూర్చోగానే తెల్లచొక్కా వేసుకున్న అబ్బాయి పరుగున వచ్చి వంగి ఏదో అడిగాడు. ఆమె లేచి నిలబడింది. అతను పోయాక మళ్ళీ కూర్చుంది. ఈసారి ఒకమ్మాయి తువ్వాలు పట్టుకొచ్చి అడిగింది. తరవాత పైఆఫీసరే వచ్చాడు. ఆవిడకి భాష రాదు. కానీ ఆ ముఖాల్లో ప్రశ్న ఏమిటో ఆవిడకి తెలియకపోవడమేం, పుట్టినప్పట్నుంచీ వింటున్నదే.

"ఈలు కూడా ఏటైనాదనే అడుగుతన్నారు బాబూ," ఫోను తీసుకుని ఆమె అంది. "అక్కడా అదే, ఇక్కడా అదే. కూకోడం నా మొహాన్న రాయనేదు."

అప్పుడు నాకు తట్టింది. నేను గాలిని చూశాను, అలని చూశాను, నీటిని చూశాను. కానీ మంచి రిసార్టంటే పలకరించే రిసార్టు. అతిథి ఒంటరిగా కనిపిస్తే వెళ్ళి కుశలం అడగాలని వాళ్ళకి శిక్షణ ఉంటుంది. అడిగే కొద్దీ గొప్ప. నేను వెతికి వెతికి అలాంటిదే తీసుకున్నాను.

ల్యాండ్ ఏజెంటుకి ఫోను చేసి, తరవాత రాతలో పంపాను. దీన్ని స్పెషల్ రిక్వెస్ట్ అంటాం. శాకాహారం, కింది అంతస్తు, మంచానికి పువ్వులు, ఇలాంటివి పంపడం మామూలు. నేను పంపింది ఇది: ఈ అతిథి ఇసక మీద కూర్చున్నప్పుడు హోటల్ సిబ్బంది ఎవరూ దగ్గరికి రాకూడదు, పలకరించకూడదు, తువ్వాలు ఇవ్వకూడదు, చిరునవ్వు కూడా దూరం నుంచే. ఏజెంటు రెండుసార్లు అడిగాడు, ఫిర్యాదు చేస్తున్నారా అని. కాదు, ఇదే వీరి యాత్ర అన్నాను. హోటలు నుంచి జవాబు రాలేదు.

ఆ మర్నాడు నేను ఆఫీసులో ఏ పనీ చేయలేదు. కిటికీలోంచి ఎండ పటం మీద పడి మెల్లగా బంగాళాఖాతం మీంచి తూర్పుకి జరిగింది. నేను ఆ వెలుగునే చూస్తూ ఉన్నాను. అది జావా దగ్గరికి వచ్చాక ఫోను మోగింది. అవతల అలల చప్పుడు లేదు. ఊరికే ఖాళీగా, పెద్దగా ఉన్న చోటు చప్పుడు.

"బాబూ, కూకున్నాను."

"ఎప్పట్నుంచమ్మా?"

"పొద్దు పొడిసిన కాణ్ణుంచి. ఒక్కళ్ళూ అడగనేదు. కాళ్ళు సాపుకున్నాను. నీరొచ్చి ముట్టుకుని ఎల్లిపోతంది. ఎవులివని అడగడం నేదు."

వెనక నుంచి చిన్నారావు అరిచాడు. "నానడిగినాను బాబూ! ఏటైనాదే అని! ఇసక మీదేసి పొమ్మంది!"

ఆమె నవ్వు చాలాసేపు వినిపించింది. ఫోను పెట్టేయడం మరిచిపోయినట్టున్నారు. నేనూ పెట్టేయలేదు. నేను చూడని ఆ సముద్రాన్ని అలా కాసేపు విన్నాను.

తరవాత జరిగినవి వరసగా రాస్తాను. అదే నెల ఫుకెట్ వెళ్ళిన మా ఇతర బ్రాంచీల వాళ్ళు ఎర్రజెండాలు చూసి తిరిగొచ్చారు. వాళ్ళ ఫిర్యాదుల్ని కంపెనీకి ఎలా రాయాలో అడిగినవాళ్ళకల్లా సరైన పద్ధతిలో రాసిచ్చాను. నా స్పెషల్ రిక్వెస్టుని రీజనల్ మేనేజరు సమావేశంలో చదివి వినిపించి అందర్నీ మళ్ళీ నవ్వించాడు. ఆ ఏడు ఫ్యామ్ ట్రిప్ బాలికి వేశారు. జాబితాలో నా పేరు ఉంది. వెళ్ళింది ఆయన. నేను రిటైరైన రోజు కంపెనీ తరఫున చట్రం కట్టిన సముద్రం బొమ్మ ఒకటి ఇచ్చారు. చూడగానే గుర్తుపట్టాను. అది ఫుకెట్.

ఆ బొమ్మ నా గోడ మీద లేదు. ఎక్కడుందో అడిగేవాళ్ళకి చెబుతాను.

నూకాలమ్మ యాత్ర తరవాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సముద్రం అడిగిన ప్రతివాళ్ళనీ నెల, గది, భోజనం అడిగాక ఇంకొకటి అడిగేవాణ్ణి: అక్కడ మిమ్మల్ని ఎవరు ఏమి అడగకుండా ఉండాలి? చాలామంది వెంటనే చెప్పగలిగేవారు. అందుకోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పేవారు. తీరాన్ని ఎంచడానికి అది గాలికంటే, అలకంటే ముందు తెలుసుకోవలసిన విషయం. నాకది ఉద్యోగం చివర్లో తెలిసింది. పైవాళ్ళకి ఇప్పటికీ తెలిసినట్టు లేదు.

నేను విదేశీ సముద్రం చూడలేదు. అప్పుడప్పుడు భావనపాడు వెళ్తాను. పడవలు వచ్చే వేళకి ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. అక్కడ నన్నెరిగినవాళ్ళు ఇద్దరే. కొంచెం అవతల నూకాలమ్మ నిలబడి పాట నడుపుతూ ఉంటుంది. నన్ను చూస్తుంది. ఏమీ అడగదు.