ఆపినోళ్లే తియ్యాలె

నేను డ్రైవర్ పని చేస్తున్నానని ఎర్రబోరు వైపు మా వాళ్లంతా నమ్మారు. తప్పు నాదే. కంప్యూటర్‌లో వైర్‌లెస్ కార్డును నడిపించే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారని, అది ఎలా నడుస్తుందో వివరించి రాయడమే నా పని అని చెప్పబోయి, మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "బండేది?" అని ఇప్పటికీ అడుగుతుంటారు.

ఆ ఎండాకాలం నా బతుకు ఒక్క పేరా మీద వేలాడింది. కంపెనీ వాళ్లు పరీక్షగా రాయమన్న మొదటి వివరణ అది. నచ్చితే ఇంటి నుంచే పని. నచ్చకపోతే మూటాముల్లే సర్దుకుని హైదరాబాద్. విషయం చిన్నదే: కార్డులో చోటు నిండితే డ్రైవర్ డేటా వరసను ఆపుతుంది, చోటు దొరికితే లేపుతుంది. "లేపగానే వరస కదులుతుంది" అని ఠీవిగా రాసి పంపాను. తనిఖీ చేసే ఆవిడ ఒక్క మాట తిరిగి రాసింది: "ప్రతిసారీనా?"

నేను కోడ్‌ను చూశాను, కోడ్ నన్ను చూసింది. ఇక లాభం లేదని చిన్నమ్మ వెంట బీడీలు చుట్టే తునికాకు కట్టల మూటతో ఫడ్‌కు పోయాను. ఆకు కొని ఎండబోసే మైదానం అది. అక్కడ వరసలో ఉన్నవాళ్లంతా నాకు వరసైనవాళ్లే, కాబట్టి ఎగతాళికి కొదవ లేదు.

నేలంతా కట్టలతో నిండిందని, కట్టలు లెక్కబెట్టి రాసుకునే ముంషీ మమ్మల్ని ఆపాడు. ఈలోగా మబ్బు కమ్మితే, వానొస్తే ఆకు తడుస్తుందని కాపలా తాత కూడా చెయ్యెత్తి ఆపాడు. కాసేపటికి ఎండిన కట్టలు బస్తాల్లోకెక్కి చోటు దొరికింది. "ఆవో, ఆవో" అన్నాడు ముంషీ. మూట నెత్తినెత్తుకుని ఉరికాను. వెనక ఒక్కరూ కదల్లేదు.

"ఏంది బావా, ఫడ్ నీకే రాసిచ్చిన్రా?" అని మేనమరదలు కేకేసింది.

"ముంషీ రమ్మన్నడు గదా!"

"ముంషీ చోటుకు ఆపిండు, చోటుకు తీసిండు," అంది చిన్నమ్మ నవ్వాపుకుంటూ. "తాత మబ్బుకు ఆపిండు. తాత తియ్యద్దా?"

మా ఫడ్ కట్టుబాటు అదే: ఎవరు ఆపితే వాళ్లే అడ్డు తియ్యాలి. చిన్నప్పటి నుంచి తెలిసిందే. నెత్తి మీద బరువు పెరిగితే లోపల తగ్గుతుందేమో.

తాత చెయ్యి దించేదాకా మైదానం నడుమ మూటతో నిలబడ్డాను. అక్కడే ఆవిడ ప్రశ్న తలకెక్కింది. వరసను ఆపేది డ్రైవర్ ఒక్కటేనా? కార్డు వేరే చానెల్ వెతుక్కునేటప్పుడు కోడ్‌లో ఇంకో భాగమూ ఆపవచ్చు కదా!

ఇంటికొచ్చి చూస్తే కోడ్‌లో ప్రతి కారణానికీ విడి గుర్తు ఉంది. పేరా మార్చాను: "డ్రైవర్ లేపితే డ్రైవర్ పెట్టిన అడ్డే పోతుంది. ఆపిన కారణాలన్నీ తొలగితేనే వరస కదులుతుంది."

"చేర్చుకున్నాం. తర్వాతిది కూడా అక్కడి నుంచే పంపండి," అని జవాబొచ్చింది.

పరుగున పోయి చిన్నమ్మకు చెప్పాను.

"అయితే హైదరాబాద్ పోవా?"

"పోను."

"మంచిగైంది బిడ్డా. పొద్దుగాల్నే అడవికి రా. ఆకు తెంపే చేతులు తక్కువున్నయి."