మెట్ల దగ్గరి పాలరాతి ముఖం

కువైట్‌లో నేను పనిచేసిన ఇంట్లో మెట్ల మొదట్లో దిమ్మె మీద ఒక పాలరాతి ఆడమనిషి ఉండేది. తల, భుజాలు, రొమ్ము వరకే. ఇంటి యజమానురాలిని మేం మామా అనేవాళ్లం; ఆమె ఇటలీలో ఇష్టపడి కొనుక్కుంది. అక్కడి పాతకాలపు శిల్పులు బతికున్న మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇలా చెక్కేవారట. మెడ చుట్టూ లేసు, చెంపల మీదికి జారిన ఉంగరాల జుట్టు, అంతా రాయే. ఎవరో పిలిస్తే ఇటు తిరిగి ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కొంచెం తెరిచి ఉండేవి.

దుమ్ముగాలి వీచిన మర్నాడు ఆ లేసు రంధ్రాల్లో ఇసుక చేరేది. ఇంటిపనంతా అయ్యాక, చేతులు లేవకపోయినా, మెత్తటి కుంచెతో దులిపేదాన్ని.

మామా వాళ్ల అత్తగారికి ఆ బొమ్మంటే గిట్టేది కాదు. బొమ్మలున్న ఇంట్లోకి దేవదూతలు రారని ఆమె నమ్మకం. నమాజు వేళకు "కప్పెయ్" అనేది. కప్పితే మామా వచ్చి "ఎవరు కప్పమన్నారు? తీసెయ్" అనేది. ఒకరితో ఒకరు ఆ మాట ఎత్తేవారు కాదు. ఇద్దరూ నాతోనే అనేవారు.

ఒకరోజు పెద్దామెకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి మాట పోయింది. మెట్లెక్కించలేక హాల్లోనే మంచం వేశారు. సరిగ్గా బొమ్మకు ఎదురుగా. ఆమెను ఒత్తిగిలించడం, తినిపించడం, కడగడం నా పనే అయింది. శుక్రవారం ఫర్వానియా వెళ్లి మావాళ్లను చూసొచ్చే సెలవు కూడా పోయింది.

మూడో రోజు మామా నన్నూ డ్రైవర్‌నీ పిలిచింది. బొమ్మ వైపు చూడకుండానే, "పై గదిలో పెట్టండి, యల్లా, త్వరగా" అంది.

డ్రైవర్‌ది కడప. ఎత్తబోయి ఆయాసపడ్డాడు. "ఏందక్కా, ఇంత బరువుండాది!"

"మెల్లగా పట్టుకోప్పా. లేసు ఇరిగితే మన పని ఖలాస్."

తిప్పితే వీపంతా డొల్ల. ఉలిగాట్లు అట్లాగే ఉన్నాయి. వెనక్కి ఎవరూ చూడరని నునుపు చేయకుండా వదిలేశారు కాబోలు.

దిగొచ్చేసరికి మామా మంచం అంచున కూర్చుని ఉంది. "తీయించేశాను, ఖాల్తీ," అంటోంది. వాళ్లలో అత్తను అట్లా పిలుస్తారు. పెద్దామె ఖాళీ దిమ్మెను చాలాసేపు చూసింది. తర్వాత ఆడే చేత్తో కోడలి చేయి పట్టుకుంది. మామా ఏడ్చేసింది.

కాసేపటికి నన్ను చూసి, "నువ్వెళ్లి పడుకో. నేనుంటాను" అంది.

ఆ ఇంట్లో పగటిపూట నడుం వాల్చడం అదే మొదలు. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.